గాజుపెట్టెలో పగడం: మూడు వందల ఏళ్ళ డీబగ్గింగు

మా హాల్లో ఓ మూల ఇరవై గ్యాలన్ల సముద్రం ఉంది. అంటే సుమారు డెబ్బై అయిదు లీటర్ల ఉప్పునీళ్ళు, కొన్ని రాళ్ళు, రెండు చేపలు, నాలుగు మెత్తటి పగడాలు. ఆమధ్య అమ్మ అమెరికా వచ్చినప్పుడు దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఏంట్రా అది, పుట్టగొడుగా?"

"పగడం అమ్మా."

"పగడమా? పగడం ఎర్రగా కదట్రా ఉండేది!" అని మెళ్ళో నల్లపూసల మధ్య ఉన్న రెండు పగడాలూ తీసి చూపించింది.

నవ్వాను గానీ, ఆవిడ అన్నదాంట్లో నాకు తెలియని విషయం ఒకటుందని తర్వాత తెలిసింది. దిబ్బలు కట్టే రాతి పగడాల కంటే అమ్మ మెళ్ళో ఉన్న మధ్యధరా సముద్రపు ఎర్ర పగడమే మా ఇంట్లో ఉన్న పుట్టగొడుగు పగడానికి దగ్గరి చుట్టం. రెండూ అష్టబాహువుల వంశం. అంటే పగడపు గుత్తిలో ఉండే ఒక్కొక్క చిన్న జీవికీ సరిగ్గా ఎనిమిదేసి చేతులు, ఆ చేతులకి మళ్ళీ ఈకల్లాంటి నూగు. రాతి పగడాలది ఆరు లెక్క.

అమ్మ చూసిన రోజుకి నా పుట్టగొడుగు ముడుచుకుపోయి మూడు వారాలయింది. శాస్త్రీయ నామం సార్కోఫైటాన్. బావున్న రోజుల్లో గొడుగు మీదంతా సన్నటి చేతులు ఊగుతుంటాయి. ఇప్పుడేమో నున్నగా, మైనం పూసిన తోలుముక్కలా ఉంది. పక్కనున్న సైనులేరియా మొదట్లో కుళ్ళడం మొదలెట్టింది. ఈ మూడు వారాల్లో నేను చెయ్యని పని లేదు. లైటు పెంచాను, తగ్గించాను. రాయిని మూడు చోట్లకి మార్చాను. పంపు మార్చాను. సర్వరోగ నివారిణి లాంటి సీసా ఒకటి కొని చుక్కలు వేశాను. ప్రొడక్షన్లో సర్వరు పడిపోతే లాగు తెరిచి చూడకుండా రీస్టార్టు మీద రీస్టార్టు కొట్టే కొత్త కుర్రాడు గుర్తున్నాడా? అచ్చం అలాగే :)

ఏం చెయ్యాలో తోచక రాత్రుళ్ళు కూర్చుని, అసలు మనుషులు పగడాల్ని గాజుపాత్రల్లో బతికించడం ఎప్పుడు, ఎలా నేర్చుకున్నారో చదవడం మొదలెట్టాను. నా పగడం సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ కథ.

పువ్వా? పురుగా?

1706లో మార్సిలి అనే ఇటలీ ప్రభువు ఫ్రాన్సు దక్షిణ తీరంలో, మార్సెయ్ దగ్గర కాసిస్ అనే ఊళ్ళో ఉన్నాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, సముద్రం మీద పరిశోధన చేస్తున్నాడు. జాలర్లు పైకి తీసిన ఎర్ర పగడపు కొమ్మని సముద్రపు నీళ్ళున్న గాజుపాత్రలో పెట్టి కదపకుండా వదిలేశాడు. కాసేపటికి కొమ్మ మీద తెల్లటి పువ్వులు విచ్చుకున్నాయి, ఒక్కోదానికి ఎనిమిది రేకులు. బయటికి తీస్తే మాయం, నీళ్ళలో పెడితే మళ్ళీ ప్రత్యక్షం. అంతే, పగడం మొక్క అని తేల్చేశాడు.

చూసింది సరిగ్గానే చూశాడు, ఎనిమిదీ సరిగ్గానే లెక్కపెట్టాడు. తప్పంతా ముగింపులో ఉంది. మనం బగ్గుని కళ్ళారా చూసి కూడా 'అది ఫీచరు' అని టికెట్టు మూసేస్తాం చూడండి, అలా.

తర్వాత మార్సెయ్‌కే చెందిన పేసొనెల్ అనే వైద్యుడు 1725 ప్రాంతంలో ఉత్తరాఫ్రికా తీరంలో పగడాలు చూసి, ఇవి పువ్వులు కావు, జంతువులు అని పారిస్ అకాడమీకి రాశాడు. అక్కడి పెద్దాయన రియోమ్యూర్ 1727లో ఆ సంగతి సభలో చెప్పాడు గానీ, రాసినవాడి పేరు మాత్రం దాచేశాడు. ఇంత వింత మాట అన్నవాడి పరువు పోతుందని జాలిట! 1740ల్లో ట్రెంబ్లే మంచినీటి హైడ్రాని ముక్కలు చేసి, ప్రతి ముక్కా మళ్ళీ పూర్తి జీవి కావడం చూపించాక రియోమ్యూర్ 1742లో దిగొచ్చాడు. పేసొనెల్ అప్పటికి కరీబియన్‌లోని గ్వాడెలూప్‌లో ఉన్నాడు. ఆయన రాతప్రతి చివరికి లండన్ రాయల్ సొసైటీ దగ్గరకి చేరి 1750ల మొదట్లో సారాంశంగా అచ్చయింది. పాతికేళ్ళ పైన పట్టింది.

కాఫీ తిరగబోసినట్టు

ఇక బతికించే ప్రయత్నం సంగతి. 1846లో అన్నా థిన్ అనే లండన్ మహిళ టార్కీ సముద్రతీరంలో చిన్న రాతి పగడాలు చూసి ముచ్చటపడి, కొన్నింటిని ఇంటికి తెచ్చుకుంది. ఇల్లు లండన్ నడిబొడ్డున, వెస్ట్‌మినిస్టర్‌లో. సముద్రం ఎక్కడ, ఆ ఇల్లెక్కడ! పంపులు, ఫిల్టర్లు ఏవీ లేవు. నీళ్ళలో గాలి కలవకపోతే పగడాలు చచ్చిపోతాయి. దాంతో కిటికీ తెరిచి, దాని ముందు ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పొయ్యడం.. మనం కాఫీ తిరగబోసినట్టు. రోజూ అరగంట నుంచి ముప్పావుగంట దాకా. చేసింది ఎక్కువగా ఇంట్లో పనిమనిషి. చరిత్రలో మొదటి ఎయిర్ పంపు ఒక పనిమనిషి చెయ్యి అన్నమాట. మరుసటి ఏడాది సముద్రపు నాచు కూడా తెచ్చి ఆ నీళ్ళలో వేశారు. గాలి కలిపే పనిలో కొంత నాచు పంచుకుంది. పగడాలు ఏళ్ళ తరబడి బతికాయి, పిల్లల్ని కూడా పెట్టాయి.

ఆ తర్వాత ఫిలిప్ గాస్ రంగంలోకి దిగాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు, 1854లో ఆయన పుస్తకం వచ్చింది. 'అక్వేరియం' అనే మాటని జనం నోట్లో నాటింది ఆ పుస్తకమే. దెబ్బకి దేశమంతా పిచ్చెక్కింది. రైళ్ళెక్కి సముద్రతీరాలకి పోయి, రాళ్ళ గుంటల్లో కనిపించిన ప్రతి జీవినీ గోకి సీసాల్లో వేసుకొచ్చారు. వాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన తన జ్ఞాపకాల్లో, నాన్న పుస్తకాల వల్లే ఆ తీరం బోడిదైందని బాధపడ్డాడు. అందమైనదాన్ని అందరికీ చూపించాలన్న సదుద్దేశమే దాన్ని ఊడ్చేసింది. నేను దుకాణంలో ఇంకో పగడం కొనబోయే ముందు ఇది గుర్తొస్తుంది.

వెలుతురు తినే జంతువు

థిన్ గారి పగడాలు చల్లటి నీళ్ళవి, వాటికి వెలుతురు అక్కర్లేదు. ఉష్ణమండలపు పగడాల సంగతి అలా కాదు, అవి పెట్టిన వాళ్ళ దగ్గరల్లా చచ్చిపోయేవి. ఎందుకో తెలియడానికి చాలాకాలం పట్టింది. పగడం ఒంట్లో బంగారు రంగు సూక్ష్మకణాలు ఉన్నాయని 19వ శతాబ్దంలోనే చూశారు, 1881లో బ్రాంట్ వాటికి జువోజాంథెల్లా అని పేరు కూడా పెట్టాడు. కానీ అవి ఏం చేస్తాయి? 1928-29లో ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద ఏడాదిపాటు మకాం వేసిన బృందానికి నాయకుడు యంగ్. పగడం పక్కా మాంసాహారి, ఆ కణాలు దాని వ్యర్థాలు ఎత్తుకుపోతాయే తప్ప తిండి పెట్టవు అని ఆయన గట్టిగా నమ్మాడు. 1944లో పలావు దీవుల్లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త కవగుటి అవి డైనోఫ్లాజెల్లేట్లనే నాచు జాతి అని చూపించాడు. 1958లో మస్కటీన్, హ్యాండ్ అనే ఇద్దరు రేడియోధార్మిక కార్బన్‌ని ఆనవాలుగా పెట్టి చూస్తే, నాచు తయారుచేసుకున్న తిండి అతిథ్యమిచ్చిన జంతువు ఒంట్లోకి వెళ్తోందని తేలింది. వాళ్ళు చూసింది పగడాల చుట్టమైన సముద్రపు పువ్వులో, కానీ దారి దొరికింది.

పగడం అంటే లోపల పొలం పెట్టుకున్న జంతువన్నమాట. వెలుతురు చాలకపోతే పొలం ఎండుతుంది. ఒక్కసారిగా వేడెక్కితేనో, వెలుతురు బాగా ఎక్కువైతేనో పొలమే విషం కక్కుతుంది, అప్పుడు పగడం ఆ నాచుని బయటికి తోసేసి తెల్లబోతుంది. నేను లైటు పెంచీ తగ్గించీ చేసిన ఘనకార్యం విలువ ఇది చదివాక తెలిసింది.

జకార్తాలో పనిచేసింది, మరి ఇక్కడ?

1961 ఫిబ్రవరిలో ఒక అమెరికన్ చేపల పత్రికలో జకార్తాకి చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన వ్యాసం వచ్చింది. ఫిల్టరు లేదు. సముద్రంలోంచి జీవంతో ఉన్న రాళ్ళు తెచ్చి పెట్టాడు, సముద్రపు నీళ్ళు పోశాడు, సన్నగా గాలిబుడగలు వదిలాడు, పైనుంచి ఎండ. అంతే, పగడాలు బతికాయి! రాయిలోని రంధ్రాల్లో కాపురముండే బాక్టీరియానే అసలు ఫిల్టరు. రాయి పైపొరలో ఆక్సిజన్ ఉంటుంది, అక్కడి బాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని నైట్రేటు చేస్తాయి. లోపలి పొరలో ఆక్సిజన్ తక్కువ, అక్కడివి ఆ నైట్రేటుని నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తాయి.

చలిదేశాల్లో చాలామందికి అది అంత తేలిగ్గా కుదరలేదు. మన భాషలో చెప్పాలంటే 'నా మెషీన్లో పనిచేస్తోందే' సమస్య. పక్కనే సముద్రం, నెత్తిన భూమధ్యరేఖ ఎండ ఉన్న ఊళ్ళో పనిచేసిన కోడుని చీకటి శీతాకాలాల జర్మనీలో నడపాలంటే లేని లైబ్రరీలన్నీ వెతికి తెచ్చుకోవాలి. ఆ పని జర్మన్లు చేశారు. 1970, 80ల్లో పీటర్ విల్కెన్స్, బెర్లిన్ ఔత్సాహికులు కలిసి ఒక పద్ధతి తేల్చారు. జీవమున్న రాయి, ఎండకి బదులు బలమైన దీపాలు, నురగతో మురికిని తేర్చే స్కిమ్మరు, రాతి పగడాలకి కావలసిన కాల్షియం కోసం సున్నపు తేట. అవును, మన తాంబూలంలో వేసుకునే సున్నమే! బెర్లిన్‌లో డీట్రిష్ ష్ట్యూబర్ తన దగ్గర పెరిగిన కొమ్ముల పగడాన్ని ముక్కలు చేసి మిత్రులకి పంచాడు, వాళ్ళు ఇంకొకరికి. కరివేపాకు రొట్ట పంచుకున్నట్టు ఐరోపా అంతా పాకింది ఆ పగడం. పగడం కావాలంటే సముద్రం దాకా పోనక్కర్లేదు, పక్కింటికి పోతే చాలని చూపించిన మొదటి వాళ్ళలో ఆయనొకడు.

అమెరికాలో కథ ఇంకో మలుపు తిరిగింది. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలతో 'బుల్లి దిబ్బ' మోజు మొదలైంది. ప్లాస్టిక్ బంతుల మీంచి నీళ్ళు జారే ఫిల్టరు దాని గుండెకాయ. చూడ్డానికి ముచ్చటైన ఇంజినీరింగు. బంతుల మీద గాలి బాగా ఆడుతుంది కాబట్టి అమ్మోనియా చకచకా నైట్రేటు అయిపోతుంది. కానీ రాయికున్న లోపలి పొర బంతికి లేదు, నైట్రేటు అక్కడే పోగుపడుతుంది. 1990ల్లో జనం ఒక్కొక్కరే ఆ బంతులు తీసి పారేస్తే ట్యాంకులు బాగుపడ్డాయి. ఎక్కువ కోడు రాసి కాదు, ఉన్న కోడు చెరిపేసి బగ్గు తీసిన సందర్భం.

మెత్తటివాళ్ళ విషాలు

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా రాతి పగడాల సంగతి. మెత్తటివాటికి రాతికోట ఉండదు. ఒంట్లో చిన్నచిన్న సున్నపు సూదులుంటాయి గానీ అసలు ఆయుధం రసాయనం. 1970ల్లో ఎర్రసముద్రపు సార్కోఫైటాన్‌లోంచి సార్కోఫైన్ అనే పదార్థం తీశారు, అది చేపలకి విషం. 1980ల్లో ఆస్ట్రేలియాలో కాల్, సమార్కో మెత్తటి పగడాలు నీళ్ళలోకి వదిలే టెర్పీన్లతో పక్కనున్న రాతి పగడాల్ని ఎదగనివ్వవనీ, ఒక్కోసారి చంపేస్తాయనీ ప్రయోగాలతో చూపించారు.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ రసాయన శాస్త్ర విభాగంలో ఎ.ఎస్.ఆర్. ఆంజనేయులు గారి బృందం మన సముద్రాల్లోని సైనులేరియా, సార్కోఫైటాన్ లాంటి మెత్తటి పగడాల నుంచి ఏళ్ళ తరబడి కొత్త అణువులు వేరుచేసి వాటి నిర్మాణాలు తేల్చింది. నా ట్యాంకులో కుళ్ళుతున్న జాతి పేరు వైజాగ్ పరిశోధనా పత్రాల్లో కనబడేసరికి, పరాయి ఊళ్ళో మన వీధివాడు కనబడినట్టయింది. ఈ టెర్పీన్లు తయారుచేసేది పగడమా, దానిలోని నాచా, బాక్టీరియానా అన్న పాత ప్రశ్నకి 2022లో జవాబు దొరికింది. రెండు బృందాలు విడివిడిగా పనిచేసి, దానికి కావలసిన జన్యువులు పగడం జీనోములోనే ఉన్నాయని చూపించాయి.

సముద్రంలో ఈ విషం కొట్టుకుపోతుంది. డెబ్బై అయిదు లీటర్లలో ఎక్కడికి పోతుంది? చిన్న గదిలో నలుగురు అలిగిన చుట్టాల్ని పెట్టినట్టే. అందుకే చిన్న ట్యాంకులో యాక్టివేటెడ్ కార్బన్ సంచీ, వారానికి పదిశాతం నీటి మార్పు, పగడాల మధ్య జానెడు దూరం.. ఇవి లగ్జరీలు కావు. ఒక జాగ్రత్త కూడా: కుళ్ళినదాన్ని కొయ్యాలంటే చేతికి గ్లవ్సు, కంటికి అద్దాలు తప్పనిసరి. ఇదే ట్యాంకుల్లో పెరిగే పాలిథోవా అనే జీవిలో పాలిటాక్సిన్ ఉంటుంది, అది ప్రాణాంతకం. అవి అంటుకున్న రాళ్ళని ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు.

ఇదంతా ఎందుకు?

ఒక అభిరుచి కోసం ఇంత అవసరమా అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. 2023 జులైలో ఫ్లోరిడాలో మానటీ బే దగ్గర నీటి వేడి 38.4 డిగ్రీల సెల్సియస్ చూపించింది, అంటే మనం వేడినీళ్ళ స్నానం చేసేంత. పగడాల నర్సరీలు నడిపేవాళ్ళు వేలకొద్దీ ముక్కల్ని సముద్రంలోంచి తీసి ఒడ్డున తొట్టెల్లోకి మార్చారు. ఆ వేసవి తర్వాత ఫ్లోరిడా కీస్‌లో కొమ్ముల పగడాలు రెండు జాతులు దాదాపు 98 నుంచి 100 శాతం చచ్చిపోయాయని 2025లో సైన్స్ పత్రికలో లెక్క వచ్చింది. 2024 ఏప్రిల్లో ప్రపంచమంతా నాలుగోసారి పగడాలు తెల్లబోతున్నాయని అమెరికా సముద్ర పరిశోధన సంస్థ ప్రకటించింది. ఒకప్పుడు సముద్రంలోంచి తొట్టెల్లోకి తేవడం దోపిడీ. ఇప్పుడు కొన్ని జాతులకి తొట్టే తలదాచుకునే చోటు. ముక్క కొయ్యడం, రాయికి అతికించడం, వెలుతురు నెమ్మదిగా అలవాటు చెయ్యడం.. వీటిలో చాలా భాగం ఔత్సాహికులు సొంత డబ్బుతో, చచ్చిన పగడాల లెక్కతో నేర్చుకున్నదే.

అన్నట్టు, థిన్ గారి లండన్లోనే హార్నిమన్ మ్యూజియం వాళ్ళు వెన్నెల, రుతువులు, నీటి వేడి అన్నీ తొట్టెలో అనుకరించి 2013లో పగడాల్ని కావాలని గుడ్లు పెట్టించారు.

దీన్ని చూసి మన దేశంలో ఎవరూ ఇంట్లో పగడాలు పెట్టెయ్యకండి. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి.

నా పుట్టగొడుగు సంగతి

ఇంత చదివాక నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. మార్సిలి నుంచి స్మిట్ దాకా అందరూ ఏదో ఒకటి చేర్చితే సరిపోతుందనుకున్నవాళ్ళే, లేదా చూసినదానికి తొందరపడి పేరు పెట్టినవాళ్ళే. ముందుకు కదిలింది మాత్రం ఎవరో ఒకరు ఓపిగ్గా కొలిచినప్పుడు. నేను మూడు వారాలుగా అన్నీ మార్చాను. ఒక్కటీ కొలవలేదు. 'అదేంటి, ఉప్పు రోజూ కొలుస్తున్నాగా?' అనుకున్నాను. నా దగ్గరున్నది ముల్లు పైకీ కిందికీ ఊగే చవక ప్లాస్టిక్ హైడ్రోమీటరు. రోజూ 1.025 చూపిస్తోంది, అంతా పచ్చగా ఉన్న డాష్‌బోర్డులాగ.

స్నేహితుడి దగ్గర రిఫ్రాక్టోమీటరు అరువు తెచ్చి, ప్రామాణిక ద్రావణంతో సరిచూసి, నా నీళ్ళు పెట్టి చూశాను. 1.020! ముల్లుకి పట్టుకున్న గాలిబుడగలు దాన్ని పైకి లేపేస్తున్నాయి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ అదే మీటరు నమ్మి పలచటి ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చాను. నెలల తరబడి నేనే నెమ్మదిగా ముంచాను.

ఒక్కరోజులో సరిచెయ్యకూడదు, అది ఇంకో దెబ్బ. రోజూ లీటరు దాకా ఆవిరయ్యే చోట మామూలుగా మంచినీళ్ళు పొయ్యాలి. దానికి బదులు సరైన ఉప్పునీళ్ళు పోస్తూ పోయాను. రెండు వారాలు పట్టింది. సైనులేరియా కుళ్ళిన మొదలుని కొత్త బ్లేడుతో కోసేసి, మిగిలినదాన్ని చిన్న రాయికి వదులుగా కట్టాను. కార్బన్ సంచీ మార్చాను. లైటుని ఒకచోట పెట్టి దాని జోలికి పోలేదు. పుట్టగొడుగుకి నీటి ఒరవడి కాస్త ఎక్కువ తగిలేలా పంపు తిప్పాను, ఎందుకంటే అది మైనపు పొర వదిలించుకోవాలంటే ఎవరో కడిగినట్టుండాలి. ఇక ఆ తర్వాత చేతులు జేబులో పెట్టుకున్నాను. ఇదే అన్నిటికంటే కష్టం.

పదహారో రోజున పాత చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. మర్నాడు పొద్దున అమ్మ పిలిచింది, "ఒరేయ్, నీ పుట్టగొడుగుకి పువ్వులొచ్చాయి!" అని. మూడు వందల ఏళ్ళ కింద మార్సిలి అన్నమాటే. "పువ్వులు కాదమ్మా, చేతులు" అందామనుకుని ఊరుకున్నాను. కూర్చుని లెక్కపెట్టాను. ఎనిమిది.

సైనులేరియా మాత్రం దక్కలేదు. సగం ముక్క అయిదో రోజుకే కరిగిపోయింది, మిగతా సగం ఇంకో వారానికి. ఇప్పుడు ట్యాంకు మూతకి ఒక కాగితం అంటించాను. తేదీ, ఉప్పు, వేడి. మీటరు ఆఖరిసారి ఎప్పుడు సరిచూశానో ఆ తేదీ కూడా అందులోనే రాస్తున్నాను.